తెల్ల కాగితానికి మురికి

కాగితం మిల్లులో ఎదురుపడితే అందరూ ఆయన్ని బావగారూ అంటారు. ఓనరుకు ఆయన స్వయానా అక్క మొగుడు. ఓనరు పిలిచే పిలుపే గేటు దగ్గరి వాచ్‌మన్ నుంచి గుజ్జు తొట్టి నడిపే మిషను తాత దాకా అందరి నోళ్ళకూ అలవాటైపోయింది. పక్కకు తిరిగితే మాత్రం సబ్బు బావగారు. జనం పెన్ను పెట్టుకునే జేబులో ఆయన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో సబ్బుబిళ్ళ పెట్టుకు తిరుగుతాడు. తలుపులు మోచేత్తో నెడతాడు. ఎవరో కూచుని లేచిన కుర్చీ ఇంకా వెచ్చగా ఉంటే అందులో కూచోడు, చల్లారేదాకా పక్కన నిలబడతాడు. టీ వచ్చినప్పుడు తన గ్లాసు తనే తెచ్చుకుని, కెటిల్ మూతి దానికి తగలకుండా బాగా కిందికి దించి పట్టుకుంటాడు.

"పెళ్ళైన కొత్తలో నేను మంచినీళ్ళిస్తే ఈయన ముందు గ్లాసు అంచు చూశారు, తర్వాత నా మొహం చూశారు" అని ఆయన భార్య ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది. ఆయన నవ్వడు. అంచు చూడకుండా ఎవరైనా ఎలా తాగుతారో ఆయనకు నిజంగానే అర్థం కాదు.

ఈ అసహ్యం ఊరికే రాలేదు. చిన్నప్పుడు వాళ్ళున్న వరసగదుల్లో అందరికీ కలిపి ఒకటే స్నానాలగది. తన వంతు వచ్చేసరికి తూము దగ్గర ఎవరివో వెంట్రుకలు చుట్టుకుని ఉండేవి. గోడ మీద ఎవరో ఉమ్మిన పేస్టు ఎండిపోయి ఉండేది. కళ్ళు మూసుకుని చెంబు ముంచుకునేవాడు. మురికి అంటే మట్టి కాదనీ, ఇంకో మనిషి వదిలేసి పోయినదనీ ఆ గదిలోనే తెలిసింది. పెద్దయ్యాక పుస్తకాల బైండింగు షాపులో పని దొరికింది. అక్కడ మిషను కత్తి కింద కాగితం దస్తాలు తెగినప్పుడు రాలే సన్నటి తెల్ల అంచులు ఎవరూ రాయనివి, ఎవరూ ముట్టనివి. చేతులు కడుక్కోవాలని మాటిమాటికీ అనిపించని చోటు ఆయన బతుకులో అదొక్కటే.

ఆ షాపు మూతపడ్డాక బావమరిది ఆయన్ని మిల్లులోకి తెచ్చుకుని ఏరివేత బల్ల అప్పగించాడు. మిల్లు పెద్దదేం కాదు. కాగితాన్ని నానబెట్టి గుజ్జు చేసి, చేతులు తుడుచుకునే కాగితాలూ, మరుగుదొడ్లో వాడే కాగితం చుట్టలూ తయారుచేస్తారు. ఇనప జల్లెడలాంటి బల్ల మీద సరుకు కుమ్మరిస్తే ఆయనా, కొందరు ఆడవాళ్ళూ పిన్నులూ, అంటు టేపులూ, ప్లాస్టిక్ ముక్కలూ ఏరేస్తారు. వచ్చే సరుకంతా బైండింగు షాపుల కత్తిరింపులూ, అమ్ముడుపోని నోటుపుస్తకాలూనే. తెల్లగా, పొడిగా, శుభ్రంగా ఉండేది. తన మిల్లు కాగితం అంతకుముందు ఎవడూ ముట్టని కాగితమని బావగారు గొప్పగా చెప్పుకునేవాడు.

ఆకు గుర్తుతో వచ్చింది తంటా అంతా.

ఒకరోజు ఓనరు పోటీ మిల్లు వాళ్ళ కాగితం చుట్ట ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని పొట్లం మీద పచ్చటి ఆకు బొమ్మ ముద్ర ఉంది. భూమికి హాని చెయ్యని సరుకు అని ఆ ముద్రకు అర్థం. అది లేకపోతే మిల్లు మూసెయ్యాలని ఏ చట్టమూ చెప్పలేదు. కావాలనుకున్నవాళ్ళు తమంతట తామే వెళ్ళి, పరీక్షకు నిలబడి తెచ్చుకోవాలి. పెద్ద ఆఫీసులూ ఆస్పత్రులూ ఈమధ్య ఆ ముద్ర ఉన్న సరుకే అడుగుతున్నాయి. ఓనరు వెంటనే అర్జీ పెట్టాడు. తమది ఎటూ మిగిలిపోయిన కాగితమే గదా, ముద్ర ఇంటికి నడిచొస్తుందనుకున్నాడు. నియమాలు సరిగ్గా చదివింది అర్జీ పెట్టాక.

"బావా, మన కత్తిరింపులు పనికిరావట" అన్నాడు నీరసంగా. "అవి ఎప్పుడూ చెత్త కాలేదు కాబట్టి వాటిని మళ్ళీ వాడటం గొప్పేం కాదట. గుజ్జులో ఎక్కువ భాగం జనం వాడి పారేసిన కాగితమే ఉండాలట."

"జనం వాడి పారేసిందా?"

"ఆఁ."

"దేనికి వాడింది?"

"అదేం ప్రశ్న బావా! రాయడానికో, పొట్లాలు కట్టడానికో. నాకేం తెలుసు?"

మార్కెట్టు వెనక పెరట్లో బస్తాలక్క అని ఒకావిడ ఉంది. ఆవిడా, ఆవిడ మనుషులూ ఆఫీసులూ బళ్ళూ దుకాణాలూ తిరిగి పారేసిన కాగితం బస్తాల్లో నింపి తెస్తారు. అదంతా గుడ్ల అట్టలు చేసేవాడికి అమ్ముకునేవాళ్ళు. ఓనరు స్వయంగా వెళ్ళి మాట ఇచ్చాడు. "ఇకమీదట నీ కాగితమంతా నాకే. వాణ్ణి మానేయ్" అన్నాడు. ఆవిడ మానేసింది.

మొదటి బండి వచ్చిన పూట బావగారు బల్ల దగ్గర తయారుగానే ఉన్నాడు. బస్తా విప్పగానే పుల్లటి వాసన ఒకటి మొహాన కొట్టింది. ఊపిరి బిగపట్టి చెయ్యి పెట్టాడు. చల్లగా, మెత్తగా తగిలిందేదో ఎవరో ముక్కు తుడిచి పారేసిన కాగితం ఉండ. దాని కింద దువ్వెనకు చిక్కిన వెంట్రుకల ముద్ద. ఇంకో కాగితం విప్పి చూస్తే ఎవడో కత్తిరించుకున్న గోళ్ళు, శ్రద్ధగా మడిచి పొట్లం కట్టి పారేసినవి. పసుపుపచ్చగా, వంకరగా, ఒకటైతే బొటనవేలిది. బావగారు పెట్టిన కేకకు మిషను తాత తొట్టి ఆపి పరిగెత్తుకొచ్చాడు.

"తీసెయ్! అంతా తీసెయ్! బండి వెనక్కి తిప్పు!"

"ఏంటి బావగారూ, అంత కేకేశారు? పాము కరిచిందా?" అంది బస్తాలక్క బండి పక్క నుంచి.

"ఇది కాగితమా? ఇది కాగితమేనా తల్లీ?"

"ఏరితే కాగితమే. మనుషుల దగ్గర్నుంచి తెచ్చింది మనుషుల వాసన కొట్టక మల్లెపూల వాసన కొడుతుందా?"

"నా బల్ల మీద ఇది పడదు. తీసుకుపో!"

ఓనరు ఊళ్ళో లేడు. ఏరివేత బల్ల దగ్గర బావగారి మాటే మాట. బండి వెనక్కి పోయింది. దారిలో వాన పట్టుకుంది. ఆయన అప్పటికి మిల్లు కొళాయి దగ్గర మోచేతుల దాకా నురగ పెట్టుకుంటున్నాడు.

ఓనరు తిరిగొచ్చేసరికి పరీక్షకు తేదీ ఖాయమై ఉంది. షెడ్డులో వాడిన కాగితం ముక్క ఒక్కటి లేదు. బస్తాలక్క సరుకంతా తడిసి ముద్దై పెరట్లో పడి ఉంది, ఇప్పట్లో ఆరేది కాదు. ఓనరు బావను ఒక్క మాటా అనలేకపోయాడు, అక్క ఊరుకోదు. షెడ్డులో అటూ ఇటూ తిరిగాడు. తెల్లగా మెరుస్తున్న కత్తిరింపుల కుప్ప ముందు ఆగాడు. మొహం వెలిగింది.

"వాడిన కాగితమే కదా వాళ్ళకు కావాల్సింది? మనమూ మనుషులమే కదా బావా? వాడేద్దాం!"

మర్నాడు మధ్యాహ్నం మిషను ఆపేసి అందర్నీ షెడ్డులో కూచోబెట్టారు. అమ్ముడుపోని నోటుపుస్తకాల కాగితాలు చింపి ముందు పోశారు. పెన్నులు పంచారు. టీ రెండు కెటిళ్ళ నిండా తెప్పించారు, తాగడానికి కాదు.

"ఏం రాయమంటారండీ?" అంది ఏరివేతలో పనిచేసే పొట్టిపిల్ల.

"ఏదో ఒకటి రాయండమ్మా. ఉత్తరాలు, లెక్కలు, పిల్లల పాఠాలు. రాసి నలిపి పారెయ్యండి" అన్నాడు ఓనరు.

పొట్టిపిల్ల రాసి పైకి చదివింది. "'ప్రియమైన మొగుడుగారికి, రాత్రి తమరు పెట్టిన గురకకు పక్కింటివాళ్ళు ధన్యవాదాలు చెప్పమన్నారు.'" షెడ్డంతా గొల్లుమంది.

"నాకు రాయడం రాదే. నేను ముక్కు చీదుతా" అంది పక్కనున్న పెద్ద వదిన. అందరికీ ఆవిడ పెద్ద వదినే.

"అదీ అసలు సరుకు! నువ్వొక్కదానివే పథకాన్ని నిలబెడతావు" అన్నాడు మిషను తాత.

బావగారు గోడకు ఆనుకుని చూస్తున్నాడు. ఎవరూ ముట్టని కాగితం. దాని మీద టీ పోస్తున్నారు. చెప్పులతో తొక్కుతున్నారు. ఒకడు నవ్వుతూ నవ్వుతూ ఉమ్మాడు కూడా. బావగారు వెళ్ళిపోదామనుకునేలోపు ఓనరు ఒక కాగితం తెచ్చి ఆయన మొహం ముందు పెట్టాడు.

"బావా, ఒక్కటీ నిజం మురికిలా లేదు. బడిపిల్లల నాటకంలా ఉంది. నువ్వు చెప్పు. మురికి గురించి నీకు తెలిసినంత ఈ మిల్లులో ఎవరికి తెలుసు?"

వెళ్ళిపోవాల్సింది. కానీ ఆయన కన్ను అప్పటికే తప్పు పట్టేసింది.

"టీ అలా నడిమధ్య ఎవరు ఒంపుకుంటారు? గ్లాసు అడుగు తడి గుండ్రంగా పడుతుంది, అదీ ఓ పక్కకి" అన్నాడు. "జిడ్డు మధ్యలో ఉండదు. బొటనవేలు పెట్టి పట్టుకునే మూల దగ్గరుంటుంది. జేబులో పెట్టుకు తిరిగిన కాగితానికి మడత దగ్గర నలుపెక్కుతుంది, చెమటకు మెత్తబడుతుంది. చేత్తో నలిపితే మెత్తబడదు. దాని మీద కూచోవాలి."

"కూచోండర్రా!" అన్నాడు ఓనరు.

కూచున్నారు. అయినా కుదరలేదు. "అలా కాదు, ఇటివ్వు" అని ఆయనే కాగితం తీసుకున్నాడు. వేలికి మిషను నూనె అద్దుకుని మూల మీద నొక్కాడు. గచ్చు మీద దుమ్ములో మడత రుద్దాడు. ఇన్నేళ్ళూ తప్పించుకు తిరిగిన ప్రతి మరకా ఏ ఆకారంలో ఉంటుందో, ఎక్కడ ముదురుగా ఎక్కడ లేతగా ఉంటుందో చేతులకు దానంతటదే తెలిసిపోతోంది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. పొద్దువాలేసరికి షెడ్డులో ఓ పట్నం పట్నమంతా తుడుచుకుని పారేసినట్టున్న కుప్ప లేచింది.

మిషను తాత చుట్టూ తిరిగి చూశాడు. "బావగారూ, చూస్తుంటేనే కడుపులో తిప్పుతోందండీ" అన్నాడు. మెచ్చుకోలే అది. బావగారి పెదాల మీద నవ్వు వచ్చి, అది వచ్చిందని తెలిసి, అక్కడే ఆగిపోయింది.

కొళాయి దగ్గరకు వెళ్ళాడు. ఒక్కసారి సబ్బు పెడితే చేతులు తెల్లబడ్డాయి. టీ, నూనె, గచ్చు దుమ్ము. ఆ మురికి ఎవరిదీ కాదు. కడగడానికి ఏమీ లేక నీళ్ళ కింద చేతులు పెట్టుకుని అలాగే నిలబడ్డాడు.

వెళ్ళేముందు ఓనరు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "పరీక్షకొచ్చే ఆవిడ నీతో ఒంటరిగా మాట్లాడుతుందట. ఏరివేత చూసే మనిషి దగ్గర ఓనరు ఉండకూడదని వాళ్ళ నియమం. సరుకు ఎక్కడిదంటే బస్తాలక్క దగ్గర్నుంచి అని చెప్పు. అంతే."

"ఆవిడ సరుకు మనం తీసుకోలేదు కదా?"

"ఎవరి మూలాన తీసుకోలేదు బావా?" అన్నాడు ఓనరు మెత్తగా.

ఆ రాత్రి ఆయన అన్నం కలుపుకుని ఊరుకున్నాడు. భార్య చూసింది.

"ఏంటి, ఈసారి నా కంచం అంచు బాగాలేదా?"

చెప్పాడు. ఆవిడ విని ఒక నిట్టూర్పు విడిచింది. "తమ్ముడు మనకు నీడ ఇచ్చాడు. వాడికోసం ఒక్క మాట చెప్పలేరా? అబద్ధం నోట్లోనే ఉంటుంది, చేతులకు అంటదు. మీకేం ఇబ్బంది?"

"ఆ బస్తాలావిడ కాగితం తీసుకోకుండా, ఆవిడ పేరు మాత్రం తీసుకోమంటున్నాడు."

"ఆవిడ కాగితం మీకు అసహ్యం. ఇప్పుడు ఆవిడ కాగితం లేకపోవడమూ అసహ్యమే. మీతో వేగడం ఎవరి తరం!" అంది భార్య.

పరీక్షకు వచ్చిన ఆవిడ నడివయసు మనిషి. జలుబు చేసి ఉంది. తొట్టి చూసింది, మురుగు నీళ్ళు ఎటు పోతున్నాయో చూసింది, మిషను తాతతో మాట్లాడింది. తర్వాత ఓనర్ని బయట ఉండమని షెడ్డులోకి వచ్చింది. ఓనరు గేటు దగ్గరకు పోయి, ఎవరూ చెయ్యని ఫోనులో మాట్లాడుతూ ఇటే చూస్తున్నాడు.

ఆవిడ కుప్పలో వట్టి చెయ్యి మోచేతి దాకా దించింది. ఒక కాగితం లాగి, తిరగేసి చూసి, పక్కన పెట్టింది. చెయ్యి తుడుచుకోలేదు.

"సరుకు ఎక్కడిదండీ?"

"బస్తాలక్క అని ఒకావిడ ఉందమ్మా. ఆవిడ పంపుతుంది." మాట జారుడుబండ మీద జారినంత నున్నగా వచ్చేసింది.

"ఏరేది ఎవరు?"

"నేనేనమ్మా."

ఆవిడ రాసుకుంది. ముక్కు ఎగబీల్చి చుట్టూ చూసింది. "చాలా మిల్లులు చూశానండీ. ఇలాంటి షెడ్డులో అడుగుపెడితే జలుబున్నా సరే ముక్కు మూసుకోవాల్సి వస్తుంది. ఇక్కడంతా శుభ్రంగా ఉంది. మీరు చాలా శుభ్రమైన మనిషిలా ఉన్నారు. పంపే ఆవిడా అలాంటిదే అయుంటుంది. మీ ఇద్దరి సంగతీ ప్రత్యేకంగా రాస్తాను."

వెక్కిరింత లేకుండా ఒక మనిషి ఆ మాట అనడం ఆయన బతుకులో అదే మొదలు. అది గొంతులోకి దిగలేదు. ఎవడో సగం తాగి వదిలేసిన గ్లాసులోది ఎవరో బలవంతంగా తన నోట్లో పోసినట్టు, నాలుక మీద ఇంకొకరి ఉమ్మి వెచ్చగా ఉన్నట్టు అనిపించింది. గోడ వైపు పరుగెత్తి పొద్దుటి టీ అంతా కక్కేశాడు.

"అయ్యో, ఒంట్లో బాగాలేదా?" ఆవిడ తన నీళ్ళ సీసా అందించింది. ఆ స్థితిలోనూ ఆయన సీసా మూతి చూశాడు. వద్దని తల తిప్పి, చొక్కా చేతికి మూతి తుడుచుకున్నాడు.

"ఈ కాగితం ఎవరూ వాడలేదమ్మా" అన్నాడు. "కొత్తది. మేమే కూచుని మురికి చేశాం. ఎలా చెయ్యాలో నేనే చూపించాను. బస్తాలక్క బండి నిండా నిజం సరుకు తెస్తే, అసహ్యమేసి వెనక్కి తోలేసిందీ నేనే."

ఆవిడ సీసా మూత బిగించింది. "అడగకుండానే చెబుతున్నారే?"

"మీరు శుభ్రమైన మనిషన్నారు. అది మింగుడుపడలేదు."

ఆవిడ ఫైలు మూసింది. "వాడిన కాగితం మీ తొట్టిలో నిజంగా పడిన రోజున మళ్ళీ అర్జీ పెట్టుకోమనండి" అంది. కోపంగా అనలేదు, మెత్తగానూ అనలేదు. సంచిలోంచి చేతిరుమాలు తీసి రెండు చేతులూ, వేళ్ళ సందులతో సహా, నెమ్మదిగా తుడుచుకుంది. కుప్పలో చెయ్యి పెట్టినప్పుడు తుడుచుకోని మనిషి. బావగారు అదంతా చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో తను ఎంతమంది ముందు అలా తుడుచుకున్నాడో, వాళ్ళకు ఎలా ఉండి ఉంటుందో అంతవరకూ తట్టలేదు.

గేటు దగ్గర ఆవిడ చెప్పిందంతా విని, ఓనరు ఆవిడ కారు మలుపు తిరిగేదాకా ఆగాడు.

"ఎవరు అడిగారు బావా నిన్ను? ఎవరు అడిగారని?"

"ఆవిడే అడిగింది."

"కొంప ముంచావు కదయ్యా! అక్క మొహం చూసి ఊరుకుంటున్నాను గానీ..." ఓనరు కుప్పను కాలితో తన్నాడు. మరకల కాగితాలు లేచి మళ్ళీ పడ్డాయి. "నేను మళ్ళీ అర్జీ పెడతాను. నిజం సరుకుతోనే పెడతాను, ఇక వేరే దారి ఉంచలేదుగా నువ్వు! కానీ ఆ బస్తాలావిడ దగ్గరకు నేను పోను. తోలేసింది నువ్వు. కాళ్ళు పట్టుకుంటావో చేతులు పట్టుకుంటావో, సరుకు తెస్తేనే ఈ బల్ల దగ్గరకు రా. లేదా ఇంట్లో కూచుని చేతులు కడుక్కో."

మార్కెట్టు వెనక పెరడు దూరం నుంచే తెలిసింది. తడిసిన కాగితం కుళ్ళితే వచ్చే వాసన, తేమగా, గొంతుకు అడ్డం పడేలా ఉంది. తను తోలేసిన బండి సరుకు గోడ పక్కన గట్టిపడిన దిమ్మల్లా పడి ఉంది. వాటి మీద నల్లటి బూజు. మరో పక్క కొత్త బస్తాలు రేకు కింద పేర్చి ఉన్నాయి. బస్తాలక్క ఒక పీట మీద కూచుని తాళ్ళ ముడులు విప్పుతోంది.

"రండి బావగారూ. ఏం, దారి తప్పారా?"

"సరుకు కోసం వచ్చానమ్మా."

"ఏ సరుకు? అదా?" బూజు దిమ్మల వైపు గడ్డంతో చూపించింది. "గుడ్ల అట్టలవాడు ఇంకెవర్నో చూసుకున్నాడు. బతిమాలినా నా గుమ్మం తొక్కట్లేదు. నా మనుషులు రోజూ అడుగుతున్నారు, ఏరడమెందుకక్కా, కొనేవాడేడీ అని. ఏం చెప్పమంటారు? ఒకాయనకి వాసనొచ్చిందట, అందుకని మనకి తిండి లేదు అని చెప్పనా?"

"నాదే తప్పు."

"తప్పయితే అయింది. మళ్ళీ బండి కట్టుకొస్తే మీరు మళ్ళీ ముక్కు మూసుకుంటారు. మళ్ళీ నేను మోసుకురావాలి. నావల్ల కాదు." ఆవిడ ఒక బస్తా ఆయన కాళ్ళ దగ్గరకు ఈడ్చింది. "ఏరేదేదో ఇక్కడే ఏరండి, నా కళ్ళ ముందు. మీరు బాగుందన్నదే బండెక్కుతుంది. వద్దన్నదానికి ఎందుకు వద్దో నాకు చెప్పాలి. అసహ్యం అంటే కుదరదు. అది కారణం కాదు."

ఆయన నేల మీద చతికిలబడ్డాడు. బస్తా మూతి విప్పాడు. అదే పుల్లటి వాసన. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి అంచు దాకా పోయి ఆగింది. ఆవిడ తన పని తను చేసుకుంటోంది గానీ, చూస్తూనే ఉందని తెలుసు. చెయ్యి లోపలికి పెట్టాడు. ముందు పొడి కాగితాలు వచ్చాయి. తర్వాత జిగటగా ఏదో వేళ్ళకు అంటుకుంది. చటుక్కున లాగేసుకున్నాడు. గొంతు దాకా వచ్చింది, మింగాడు.

"ఏంటది?"

"ఎవరో నమిలి ఊసిన బంక. కాగితానికి అంటుకుంది. పళ్ళ గుర్తులు కూడా ఉన్నాయి."

"పళ్ళ సంగతి ఎందుకులెండి. కాగితం సంగతి చెప్పండి."

ఆయన వెలుతురు వైపు పట్టుకుని చూశాడు. గట్టి కాగితమే. రెండు వైపులా ఏవో లెక్కలు. బంక ఒక మూలే.

"మంచిదే."

"మరి?"

బంక ఉన్న మూల చింపి పక్కన పడేశాడు. మిగతాది మంచి కుప్పలో వేశాడు. వేళ్ళు ఒకదానికొకటి అంటుకుని వదులుతున్నాయి. "ఛీ" అన్నాడు. ఆపుకుందామన్నా ఆగలేదు. "ఛీ, ఛీ."

"అనుకోండి బావగారూ, ఎన్నిసార్లైనా అనుకోండి" అంది బస్తాలక్క ఇంకో ముడి పళ్ళతో లాగుతూ. "చెయ్యి మాత్రం ఆపకండి."

బండివాడు వచ్చి గేటు కొట్టేదాకా ఆయన అంటూనే ఉన్నాడు, ఏరుతూనే ఉన్నాడు.